నార్కోలెప్సీ ఉన్న మనిషి నిద్రలో కొడుతున్నారు, లేచి తింటున్నారు: ఇది కొత్త జబ్బా?

మీరు రాసింది ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీ వారికి 31 ఏళ్లు. ఏడాదిన్నర కిందట నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, అని తేలింది. పగటిపూట కునికిపాట్లతో పాటు, గట్టిగా నవ్వితే మోకాళ్లు వదిలేయడం కూడా ఉంది. ఆ మోకాళ్ల సంగతికి మూడు నెలల నుంచి వెన్లాఫాక్సిన్ అనే మందు వాడుతున్నారు. పగటి సంగతి కుదుటపడింది. రాత్రి మాత్రం నిద్రలో చేతులు విసరడం, ఎవరినో తిట్టడం ఎక్కువైంది. పోయిన వారం మీ భుజం మీద గట్టి దెబ్బే పడింది. లేపితే, ఎవడో తలుపు తోసుకుని లోపలికి వస్తుంటే అడ్డుకున్నానని చెప్పారు. ఇది కాక వారానికి ఒకటి రెండుసార్లు అర్ధరాత్రి వంటింట్లోకి వెళ్లి దొరికింది తినేసి వచ్చి పడుకుంటున్నారు. పొద్దున అడిగితే ఏమీ గుర్తు లేదంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే, నిద్రలో కొట్టడం పార్కిన్సన్స్‌కు ముందస్తు సూచన అని కనబడింది. అప్పటి నుంచి మీకు నిద్ర కరువైంది.

నేను డాక్టర్ని కాను. స్లీప్ ల్యాబ్‌లో టెక్నాలజిస్టుగా పదిహేనేళ్లకు పైగా రాత్రి డ్యూటీలు చేశాను. మనిషి తలకీ, గడ్డానికీ, కాళ్లకీ వైర్లు అంటించి పడుకోబెట్టి, పక్క గదిలో కూర్చుని తెల్లవార్లూ ఒక తెర మీద గీతల్ని, ఇంకో తెర మీద మనిషిని చూడటమే నా ఉద్యోగం. కాబట్టి ఏ మందు ఎంత వేసుకోవాలో నన్ను అడగకండి. నిద్రలో మనుషులు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో మాత్రం చాలానే చూశాను.

ముందు ఆ పార్కిన్సన్స్ భయం. మీరు చదివింది అబద్ధం కాదు, కానీ అది వేరే వాళ్ల సంగతి. కలలో చేస్తున్న పనిని ఒంటితో కూడా చేసేయడాన్ని ఒక జబ్బుగా 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే డాక్టర్లు వర్ణించారు. దాని పేరు రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ (రెమ్ అంటే కలలు ఎక్కువగా వచ్చే నిద్ర, దాని గురించి కింద చెబుతాను). ఇక నుంచి ఆర్‌బీడీ అంటాను. వాళ్లు చూసినవాళ్లు ఎక్కువగా వయసు మళ్లిన మగవాళ్లు. యాభై దాటాక, వేరే కారణమేదీ కనబడకుండా ఇది మొదలైనవాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ గానీ, లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు గానీ వస్తోందని ఆ తర్వాత తేలింది. మీకు కనబడిన వ్యాసం వీళ్ల గురించి. నార్కోలెప్సీతో వచ్చే ఆర్‌బీడీకి మూలం వేరు. చిన్న వయసులోనే మొదలవుతుంది, ఆడా మగా తేడా పెద్దగా ఉండదు, కదలికలు కూడా సాధారణంగా అంత తీవ్రంగా ఉండవు. ఇది కూడా అదే దారిలో పార్కిన్సన్స్‌కు పోతుందని చూపించే ఆధారం లేదు. నార్కోలెప్సీ అని ముందే తేలిన 31 ఏళ్ల మనిషికి ఆ వ్యాసం చూసి జాతకం రాయకండి.

ఇక మూలం ఎక్కడుందో చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

మనకు కథలాంటి కలలు ఎక్కువగా వచ్చేది రెమ్ నిద్రలో. అప్పుడు మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు పరిగెడుతుంటాయి. ఒళ్లు మాత్రం కదలదు. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు ఆదేశం వెళ్లి, ఊపిరి తీసే కండరాలూ కళ్లు తిప్పే కండరాలూ తప్ప మిగతా ఒంటికంతా తాళం పడిపోతుంది. ఆ తాళం లేకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో మిషెల్ జువే 1960ల్లో పిల్లుల మీద చూపించాడు. మెదడు కాండంలో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, ఆ పిల్లి రెమ్ నిద్రలో ఉండగానే లేచి, అక్కడ లేని ఎర మీదికి దూకేది.

ఈ తాళం ఎప్పుడు పడాలో ఎప్పుడు తెరుచుకోవాలో నిలకడగా నడిపించేది ఒరెక్సిన్ అనే రసాయనం. హైపోక్రెటిన్ అన్నా అదే. 1998లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టి చెరో పేరు పెట్టాయి, రెండు పేర్లూ నిలిచిపోయాయి. మీ డాక్టర్ ఒక పేరు, రిపోర్టు ఇంకో పేరు వాడితే కంగారు పడకండి. మీ వారిలాగా నవ్వితే కండరాలు వదిలేసే కాటాప్లెక్సీ కూడా ఉన్న నార్కోలెప్సీని టైప్ 1 అంటారు. వీళ్లలో ఒరెక్సిన్ తయారుచేసే కణాలు చాలావరకు నశించిపోయి ఉంటాయని 2000లో బయటపడింది. గడియ ఊడిన తలుపు గాలికి కొట్టుకున్నట్టు, అప్పటి నుంచి మెలకువలోకి కల, కలలోకి మెలకువ వచ్చిపోతుంటాయి.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగేది చూడండి. పగలు తాళం పడకూడని వేళ పడుతోంది. అదే నవ్వినప్పుడు మోకాళ్లు వదిలేయడం. రాత్రి పడాల్సిన వేళ గట్టిగా పడటం లేదు. అదే మీ భుజం మీద దెబ్బ. రెండూ ఒకే గడియ తప్పులు. అందుకే ఆర్‌బీడీ టైప్ 1 వాళ్లలోనే ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి మీ శీర్షికకు నా జవాబు: చేతులు విసరడం కొత్త జబ్బు కాదు, పాత జబ్బుకే రాత్రి ముఖం. తినడం సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. పగలంతా తూగే మనిషి రాత్రి మొద్దునిద్ర పోతాడని అందరూ అనుకుంటారు. ల్యాబ్‌లో నేను చూసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పడుకోగానే నిద్ర పట్టేస్తుంది, నిజమే. ఆ తర్వాత రాత్రంతా ముక్కలు ముక్కలు. గంటకోసారి మెలకువ, పక్క మీద దొర్లడం, మళ్లీ కునుకు. రోజు మొత్తం మీద నిద్రపోయే సమయం మామూలు మనిషి కంటే అంత ఎక్కువేమీ ఉండదు, అది ఇరవై నాలుగు గంటల్లో చెల్లాచెదురుగా పడి ఉంటుంది, అంతే. "రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నావు కదా, ఇంకా ఏం నిద్ర" అని ఇంట్లోవాళ్లు అనడం నేను ఎన్నిసార్లు విన్నానో.

ఇంకో తేడా. మామూలుగా నిద్ర పట్టిన గంటా గంటన్నరకు గానీ రెమ్ రాదు. నార్కోలెప్సీలో పావుగంట లోపే వచ్చేయవచ్చు. వయసు మళ్లినవాళ్ల ఆర్‌బీడీ ఎక్కువగా తెల్లవారుజామున వస్తే, మీ వారిది పడుకున్న పది నిమిషాలకే రావచ్చు, నాలుగింటికీ రావచ్చు. "ఇప్పుడే కదా పడుకున్నారు, నటిస్తున్నారా" అన్న అనుమానం మీకు వచ్చిందని రాశారు. నటన కాదు.

నిజానికి దెబ్బలు తగిలే స్థాయిలో రావడం తక్కువే. కెమెరాలో ఎక్కువగా కనబడేవి చిన్నవి: వేళ్లు ఏదో లెక్కపెడుతున్నట్టు కదలడం, ముఖం చిట్లించడం, కలవరింత, ఉన్నట్టుండి నవ్వు, మోచేయి ఒక్కసారి ఎగరడం. గడ్డం దగ్గర పెట్టిన తీగ చెబుతుంది అసలు కథ. రెమ్‌లో ఆ గీత పిన్ను గీసినంత సన్నగా, చదునుగా ఉండాలి. వీళ్లలో అది గొంగళిపురుగులా గరుకుగా ఉంటుంది. పక్కనున్నవాళ్లకు ఏమీ తెలియని రాత్రుల్లో కూడా.

కలల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది ఇళ్లలో గొడవలు పెడుతుంది. నార్కోలెప్సీ ఉన్నవాళ్ల కలలు చాలా స్పష్టంగా ఉంటాయి, పీడకలలు ఎక్కువ, కలలో ఉన్నామని తెలిసి కలగనడం కూడా ఎక్కువ. జరిగిందేదో, కలగన్నదేదో తేడా చెరిగిపోవడం వీళ్లకు మామూలు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, నార్కోలెప్సీ ఉన్నవాళ్లలో 83 శాతం మంది కలను నిజమనుకుని పొరబడ్డామని చెప్పారు. జబ్బు లేనివాళ్లలో ఆ మాట చెప్పినవాళ్లు 15 శాతం. ఒక కుర్రాడు పొద్దున్నే నా మీద కోపంగా ఉన్నాడు. రాత్రి గదిలోకి వచ్చి అతన్ని తిట్టానట. రికార్డింగ్ చూపించాను, రాత్రంతా ఎవరూ తలుపు తీయలేదు. చూశాక కూడా అతని ముఖంలో అనుమానం పూర్తిగా పోలేదు. మీ వారు ఎప్పుడైనా "నిన్న నువ్వు ఇలా అన్నావు కదా" అని మీరు అననిది అంటే, అబద్ధాల కోరు అనుకునే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. డబ్బు విషయాలు, అపాయింట్‌మెంట్లు మెసేజ్‌లో రాసి పెట్టుకునే అలవాటు చేసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

నిద్ర పట్టేటప్పుడో లేచేటప్పుడో ఒళ్లు కదలకపోవడం, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించడం కూడా ఇదే కుటుంబం. మెలకువ వచ్చింది, తాళం ఇంకా ఊడలేదు, అంతే. ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది. ఇది భయపెడుతుందే గానీ హాని చేయదు.

ఇప్పుడు వంటింటి సంగతి. ఇది రెమ్ నుంచి వచ్చేది కాకపోవచ్చు. కలను ఆడేవాళ్లు దాదాపు ఎప్పుడూ పక్క దిగి దూరం నడవరు, కళ్లు మూసుకునే ఉంటాయి, లేపితే చప్పున తెలివి వచ్చి కల ఏమిటో చెప్పగలరు. మీ వారు తలుపు తోసుకొచ్చినవాడి గురించి చెప్పినట్టు. నడిచి వెళ్లి తినేవాళ్లు కళ్లు తెరిచే ఉంటారు, మాట్లాడిస్తే పొంతన లేని జవాబిస్తారు, పొద్దున్నకి గుర్తుండదు. ఇది గాఢనిద్ర నుంచి సగం మేలుకున్న స్థితి. నిద్రలో తినడం కూడా నార్కోలెప్సీ ఉన్నవాళ్లలో మిగతావాళ్ల కంటే ఎక్కువగానే కనబడుతుంది. ఒరెక్సిన్‌కు నిద్రతోనే కాదు ఆకలితోనూ సంబంధం ఉంది. జబ్బు మొదలైనప్పుడు బరువు పెరగడం, ముఖ్యంగా పిల్లల్లో, అందుకే కావచ్చు. అయితే కొందరు పూర్తి మెలకువతోనే ఆకలికి లేచి తింటారు, అడిగితే సిగ్గుపడి గుర్తు లేదంటారు. ఏది ఏదో తెలియాలంటే ఆ సమయంలో మెల్లగా ఒక ప్రశ్న అడిగి చూడండి.

ఇక్కడ నాకు ఒక సమాచారం కావాలి. రాత్రి మెలకువలు వస్తున్నాయని ఆయన విడిగా ఏదైనా నిద్రమాత్ర వేసుకుంటున్నారా? జోల్పిడెమ్ లాంటివి నిద్రలో నడిపిస్తాయి, తినిపిస్తాయి, కొందరి చేత బండి కూడా నడిపించాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో వాటి సమాచార పత్రాల్లో అతి గట్టి హెచ్చరిక పెట్టించింది కూడా ఇందుకే. నార్కోలెప్సీకే ఇచ్చే సోడియం ఆక్సిబేట్‌తోనూ నిద్రలో నడక, పక్క తడపడం, తికమక రావచ్చు. ఆయన వేసుకునే మాత్రలన్నీ, వేరే జబ్బులవీ సహా, ఒక కాగితం మీద రాయండి.

అసలు మీ పోస్టు చదువుతుంటే నా కన్ను ఆగిన చోటు వెన్లాఫాక్సిన్. కాటాప్లెక్సీకి అది బాగా పనిచేస్తుంది. కానీ వెన్లాఫాక్సిన్, ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి డిప్రెషన్ మందులకు ఒక రెండో గుణం ఉంది: రెమ్ నిద్రలో కండరాలకు పడే తాళాన్ని వదులు చేస్తాయి. లేని ఆర్‌బీడీని పుట్టించగలవు, ఉన్నదాన్ని పెంచగలవు. అంటే పగటి తప్పును సరిదిద్దే మందే రాత్రి తప్పును పెంచవచ్చు. మూడు నెలల నుంచి మందు, ఈమధ్యే ఎక్కువైన దెబ్బలు. లెక్క కుదురుతోంది. కుదిరినంత మాత్రాన అదే కారణమని తేలిపోయినట్టు కాదు.

దయచేసి ఇది చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయించకండి. ఈ మందులు ఒక్కసారిగా మానేస్తే కాటాప్లెక్సీ ముందుకంటే ఉధృతంగా తిరగబడుతుంది. గంటల తరబడి, కొందరికి రోజుల తరబడి విడవకుండా వచ్చి, మనిషి లేచి నిలబడలేని స్థితి కూడా వస్తుంది. తలతిప్పుడు, చిరాకు వేరే. మార్చాలంటే డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. వేరే రకం మందుకు, ఉదాహరణకు పిటోలిసాంట్‌కు గానీ సోడియం ఆక్సిబేట్‌కు గానీ మార్చడం, లేదా ఉన్నదాన్ని ఉంచి రాత్రికి మెలటోనిన్ గానీ, కొద్ది మోతాదులో క్లోనజెపామ్ గానీ చేర్చడం వాళ్లు ఆలోచించే దారులు. క్లోనజెపామ్‌తో మర్నాడు మగత ఉండవచ్చు. అసలే పగలు తూగే మనిషికి అది చిన్న విషయం కాదు. గురక పెట్టేవాళ్లయితే ఇంకా జాగ్రత్త.

గురక అన్నాను కాబట్టి అది కూడా. నిద్రలో శ్వాస ఆగి, ఉక్కిరిబిక్కిరై చేతులు విసిరే స్లీప్ ఆప్నియా అచ్చం ఆర్‌బీడీలాగే కనబడుతుంది, నార్కోలెప్సీ ఉన్నవాళ్లలో అది అరుదేమీ కాదు. దానికి ముక్కు ద్వారా గాలి పంపే మెషిన్ పెడితే దెబ్బలు కూడా పోతాయి. మూర్ఛ కూడా రాత్రిపూట ఇలా రావచ్చు, కానీ మూర్ఛలో ప్రతిసారీ అదే కదలిక, అదే వరస. కలలో కొట్టేవాళ్లు ఒక్కోరోజు ఒక్కోలా కొడతారు. ఈ తేడాలన్నీ తేలేది వీడియోతో కూడిన రాత్రి పరీక్షలోనే.

ఆ పరీక్ష మళ్లీ చేయించే ముందు ఒక పని చేయండి, చాలామందికి ఇది తట్టదు. నార్కోలెప్సీ తేల్చడానికి ఒక రాత్రి పరీక్ష, మర్నాడు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టే పగటి కునుకుల పరీక్ష చేసి ఉంటారు. ఆ పాత రాత్రి రిపోర్టు తీసి, అందులో "రెమ్ వితౌట్ ఎటోనియా", అంటే రెమ్‌లో కండరాలకు తాళం పడలేదు, అనే మాట ఉందేమో చూడండి. అది ఏడాదిన్నర కిందటిది, అంటే వెన్లాఫాక్సిన్ మొదలుపెట్టక ముందుది. ఆ మాట ఉంటే తాళం అప్పటికే వదులుగా ఉందన్నమాట, మందు దాన్ని ఎక్కువ చేసి ఉండవచ్చు. తాళం మామూలుగానే పడిందని రాసి ఉంటే మందు మీద అనుమానం బలపడుతుంది. రిపోర్టులో ఆ సంగతే ఏమీ రాయకపోతే, రికార్డింగ్ ఇంకా ఉంటే గడ్డం తీగను, వీడియోను మళ్లీ చూడమని ల్యాబ్‌ను అడగవచ్చు. ఆ రోజు వాళ్ల దృష్టి పగటి నిద్ర మీదే ఉండి ఉంటుంది.

ఇంట్లో చేయాల్సినవి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఇవాళే చేయండి. పరుపు నేల మీదికి దించండి, కనీసం మంచం గోడ మూలకు జరిపి రెండో పక్క కింద దళసరిగా ఏదైనా పరవండి. పక్కనున్న గాజు గ్లాసు, టేబుల్ లైటు, పదునైన మూలలున్న స్టూలు తీసేయండి. కొన్నాళ్లు వేరే పక్క మీద పడుకోండి. దాన్ని ఆయన మీద అలకగా చూడాల్సిన పని లేదు, ఆయనకూ మిమ్మల్ని కొట్టానన్న బాధ తప్పుతుంది. నిద్రలో అరుస్తుంటే చేయి పట్టుకుని ఊపకండి. కలలో ఆయన ఎదుట ఉన్నవాడు మీరైపోతారు. కాళ్ల వైపు దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. వంటింటి తలుపుకు గడియ పెట్టి, తెరిస్తే మోగే చిన్న గంట కట్టండి. కత్తులు, పొయ్యి ఆయన చేతికి అందకూడదు. సగం నిద్రలో పొయ్యి వెలిగించినవాళ్లు ఉన్నారు. మద్యం అలవాటుంటే పూర్తిగా ఆపాలి, సోడియం ఆక్సిబేట్ మొదలుపెడితే అది ప్రాణాంతకం కూడా.

ఫోన్‌ను గోడకు ఆనించి, గదిలో మసక లైటు ఉంచి, నాలుగైదు రాత్రులు వీడియో తీయండి. ముఖం, చేతులు రెండూ కనబడాలి. ఆయనకు ముందే చెప్పి తీయండి. రెండు నిమిషాల వీడియో చూస్తే డాక్టర్‌కు అరగంట వర్ణన అక్కర్లేదు. పక్కన ఒక పుస్తకంలో ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి జరిగింది, లేపితే ఏం చెప్పారు, అంతే రాయండి. చేతులు విసరడం మందుకు ముందు ఎప్పుడైనా ఉందా అని వాళ్ల అమ్మగారినీ అడగండి. చిన్నప్పుడు నిద్రలో కొట్టేవాడు, అరిచేవాడు అని ఆవిడ చెబితే అది పనికొచ్చే సమాచారం. పిల్లల్లో కొన్నిసార్లు నార్కోలెప్సీ మొదటి గుర్తు ఇదే.

దెబ్బలు మళ్లీ తగిలినా, ఆయన తలకు తగిలినా, గది దాటి బయటి తలుపు తీసినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి, డాక్టర్‌కు ఫోన్ చేసి ముందుకు జరిపించుకోండి. పాత రిపోర్టు దొరికాక రెమ్ గురించి రాసిన నాలుగు లైన్లు, పేరూ వివరాలూ తీసేసి, ఇక్కడ పెట్టండి. వాటి అర్థం ఏమిటో చెబుతాను. ఆ నిద్రమాత్ర ప్రశ్నకు జవాబు కూడా.